మరణశిక్ష: శిక్షించే హక్కు, క్షమించే హక్కు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఏటా ఈ సమావేశంలో పిల్లల స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి ఆడపిల్లల నికాహ్‌లకు చేసే సాయం గురించి, ఖబరస్తాన్ ప్రహరీ గోడ గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని మరణశిక్ష మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. "సంక్షేమ సంఘానికీ ఉరికొయ్యకూ ఏమిటండీ సంబంధం?" అని అడిగాము. "అదే మీరు ఆలోచించి చెప్పండి" అన్నారాయన. ఆలోచించగా సంబంధం ఉందనే తోచింది. అది చాలా దగ్గరి సంబంధమని కూడా తోచింది. ఎలాగో మనవి చేస్తాము.

మనం రావులపాలెం మీదుగా గౌతమి వంతెన దాటి రాజమండ్రి పోతూనే ఉంటాము. ఆస్పత్రికో, రైలుకో, పెళ్ళి బట్టలకో పోతాము. ఆ ఊళ్ళోనే సెంట్రల్ జైలుంది. 1997 మార్చి నెలలో ఆ జైలు పేరు ఇంటింటా వినబడింది. ఇద్దరు యువకులకు ఉరి ఖాయమైందనీ, తేదీ కూడా పెట్టారనీ పత్రికల్లో వచ్చింది.

కేసు మీలో పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1993 మార్చి 8వ తేదీ తెల్లవారుజామున చిలకలూరిపేట దగ్గర ఆర్టీసీ బస్సును దోచుకోబోయి పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. నిద్రలో ఉన్న మనుషులు. ఎవరి మీదా పగ లేదు, ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. కింది కోర్టు ఇద్దరికీ మరణశిక్ష వేసింది. హైకోర్టు, సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేశాయి.

ఆ రోజుల్లో మేము కూర్చునే టీకొట్టు దగ్గర పెద్ద వాదన జరిగింది. ఒకాయన, "23 ప్రాణాలకు రెండు ప్రాణాలు ఏ లెక్కండీ? ఇంకా ఆలస్యమెందుకు?" అన్నాడు. అందరం తలూపాము, మేము కూడా ఊపాము. అప్పుడు కొబ్బరికాయలు దింపే ముసలాయన ఒకడు గ్లాసు కింద పెట్టి, "బాబూ, వాళ్ళు డబ్బున్నోళ్ళ బిడ్డలైతే ఇక్కడిదాకా వచ్చేవోరా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ మాట మా చెవిలో ఇప్పటికీ ఉంది.

ఆ ఇద్దరూ పేద దళిత కుటుంబాలవారు. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి వంటివారు, మన రాష్ట్రంలోని పౌరహక్కులవారు వాళ్ళ కోసం నిలబడ్డారు. ఉరి ఆఖరి ఘడియలలో ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గారు దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చారు. కాని ఆ 23 కుటుంబాలకు ఏమి మిగిలింది? మరణశిక్ష వద్దనేవారు ఈ ప్రశ్నను దాటేసి పోకూడదు. మేము దాటేయబోము. మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

ముందు మన దేశంలో చట్టం ఏమంటున్నదో చూద్దాము. 1955కు పూర్వం హత్యకు ఉరే మామూలు. ఉరి వేయకపోతే ఎందుకు వేయలేదో జడ్జిగారు కారణం రాయాలి. 1955 సవరణతో ఆ నియమం పోయింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి వ్యవహారం తిరగబడింది. యావజ్జీవం మామూలైంది, ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలి. 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అత్యంత అరుదైన కేసులలో కూడా మిక్కిలి అరుదైన వాటికే మరణశిక్ష అన్నది. అయిదుగురిలో జస్టిస్ భగవతి ఒక్కరే ఒప్పుకోలేదు. జడ్జి మారితే ఫలితం మారే శిక్ష రాజ్యాంగానికి సరిపడదని 1982లో విడిగా తీర్పు రాశారు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా మరణశిక్ష ఉంది. సెషన్స్ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ధ్రువపరచాలి. ఆపైన సుప్రీంకోర్టు, చివరకు గవర్నరు లేదా రాష్ట్రపతి క్షమాభిక్ష. ఇన్ని మెట్లున్నాయి కదా, పొరపాటెలా జరుగుతుంది అంటారు. జరుగుతుందండీ.

జస్టిస్ భగవతి మాట అర్థం కావాలంటే మన తెలుగుదేశంలోనే రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి. ఈడిగ అనమ్మ అనే పల్లెటూరి స్త్రీ, అసూయతో మరొక స్త్రీని, ఆమె పసిబిడ్డను చంపింది. ఘోరమే. సెషన్స్ కోర్టు, హైకోర్టు ఉరి అన్నాయి. 1974లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె చిన్న వయసు, అత్తవారింటి నుంచి వెళ్ళగొట్టబడిన ఆమె స్థితి, ఆమెకున్న పసివాడు, రెండేళ్ళకు పైగా ఉరితాడు నీడలో బ్రతికిన బ్రతుకు, ఇవన్నీ లెక్కలోకి తీసుకొని యావజ్జీవంగా మార్చారు. నేరాన్ని మాత్రమే చూడకు, నేరం చేసిన మనిషిని కూడా చూడు అని దేశంలోని కోర్టులకు చెప్పిన కేసు అది.

మరుసటి ఏడే రెండో కేసు. ఆదిలాబాద్ జిల్లా రైతు ఉద్యమంలో పనిచేసిన భూమయ్య, కిష్టాగౌడ్‌ల పిటిషను ఆ కృష్ణయ్యర్ గారి ముందుకే వచ్చింది. క్షమాభిక్ష ప్రభుత్వం చేతిలోది, దాన్ని కోర్టు తన చేతిలోకి తీసుకోలేదని ఆయన తోసిపుచ్చవలసి వచ్చింది. ఎమర్జెన్సీ రోజులు. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో ఇద్దరినీ ఉరి తీశారు. మరణశిక్ష అంటే గిట్టని జడ్జి చేతి మీదుగానే ఒకరు బ్రతికారు, ఇద్దరు బ్రతకలేదు. ఎవరి తప్పు ఎంతని మేము తూచడం లేదు. ప్రాణం అనేది ఏ రోజు, ఏ బల్ల ముందుకు, ఏ ప్రభుత్వం ఉండగా వచ్చిందన్న దాని మీద ఆధారపడితే దానిని న్యాయం అనడానికి మనసు ఒప్పుకోదు. అంతే మా మనవి.

ఇప్పుడు మన మతం మాట. "ఇస్లాంలో ఉరి ఉంది కదా, మీరు వద్దని ఎలా అంటారు?" అని కొందరు అడుగుతారు. ఉంది. లేదని చెబితే అబద్ధమాడినట్టే. కాని ఎలా ఉందో పూర్తిగా చెప్పాలి. అల్ బఖరా సూరా 178వ ఆయతులో ఖిసాస్ ఆదేశం ఉంది. దానిని ఆనుకునే క్షమ కూడా ఉంది. హతుని వారసుడు మన్నిస్తే పరిహారం మర్యాదగా చెల్లించి ఆ సంగతి అక్కడితో ముగించాలి. అది ప్రభువు దయ అని అక్కడే ఉంది. ఒక్క ప్రాణం విలువను మానవజాతి మొత్తంతో తూచిన ఆయతు అల్ మాయిదా సూరాలో ఉంది. సందేహం ఉన్నచోట కఠిన శిక్షను ఆపాలన్నది ఫిఖ్‌హ్‌లో పేరుపొందిన సూత్రం. అంటే మన ధర్మం శిక్షించే హక్కును ఒక చేత్తో ఇచ్చి, క్షమించే హక్కును రెండో చేత్తో ఇచ్చింది. మొదటి చెయ్యి మాత్రమే చూపించేవారు సగం చెప్పినట్టు.

దీనిలో లోపం లేదా అంటే, మనుషుల అమలులో ఉంది. డబ్బున్నవాడు పరిహారం పారేసి బయటపడతాడు. 2011లో లాహోరులో ఇద్దరిని కాల్చి చంపిన అమెరికా గూఢచారి సంస్థ మనిషి దియత్ చెల్లింపుతో విమానమెక్కి వెళ్ళిపోయాడు. పేదవాడికి ఆ డబ్బు ఎవరిస్తారు? కేరళ సోదరులు ఇచ్చి చూపించారు. సౌదీలో మరణశిక్ష పడిన కోజికోడ్ మనిషి కోసం 2024 ఏప్రిల్‌లో మతం చూడకుండా మలయాళీలు 34 కోట్ల రూపాయలు పోగు చేశారు. జులైలో అక్కడి కోర్టు మరణశిక్షను తొలగించింది. 2017లో కువైట్ అమీర్ 15 మంది భారతీయుల మరణశిక్షలను యావజ్జీవంగా మార్చారు. ఇవన్నీ దూరపు కబుర్లు కావు. రాజోలు వైపు, అమలాపురం వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి ఎక్కడుంది చెప్పండి?

ప్రపంచంలో ఈ వాదన ఎక్కడిదాకా వచ్చిందో కొంచెం చెబుతాము. 1863లోనే వెనిజువెలా మరణశిక్షను పూర్తిగా తీసేసింది. బ్రిటన్‌లో 1950లో తిమోతీ ఇవాన్స్ అనే అతన్ని ఉరి తీశారు. మూడేళ్ళ తర్వాత అదే ఇంట్లో కాపురమున్న మరొకడు వరుస హత్యలు చేసినవాడని బయటపడింది. 1966లో ఇవాన్స్‌కు క్షమాపణ పత్రం ఇచ్చారు, అతని సమాధికి! హత్యకు ఉరిని ఆ దేశం 1965లో నిలిపి, 1969లో తీసేసింది. ఫ్రాన్సు 1981లో, దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1995లో అదే దారి పట్టాయి. ముస్లిములు అధికంగా ఉన్న దేశాలలో అజర్‌బైజాన్, టర్కీ, సెనెగల్, ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ తీసేశాయి. ఆమ్నెస్టీ లెక్క ప్రకారం 2024 చివరికి 113 దేశాలు పూర్తిగా రద్దు చేశాయి.

రెండో వైపు కూడా దాచకూడదు. ఆ 2024లోనే ఆ సంస్థకు తెలిసినంతలో 1,518 మందికి మరణశిక్ష అమలైంది. వందకు 91 మంది ఇరాన్, ఇరాక్, సౌదీ అరేబియాలలోనే. చైనా లెక్క రహస్యం కనుక దీనిలో చేరలేదు. అమలైన శిక్షలలో నూటికి నలభైకి పైగా మాదకద్రవ్యాల నేరాలకు. అది హత్యకు ఖిసాస్ కాదు, ప్రభుత్వాలు పెట్టుకున్న చట్టం. కనుక గల్ఫ్ ప్రయాణం పెట్టుకున్న పిల్లలకు ఒక మాట. ఎవరో తెలిసినవారే కదా అని విమానాశ్రయంలో ఇచ్చిన పొట్లం, పచ్చడి డబ్బా అయినా సరే, విప్పి చూడకుండా పట్టుకెళ్ళకండి.

ఇక పొరపాటు సంగతి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టలులో మన బిడ్డ, ఒక ఫార్మసీ విద్యార్థిని, ఘోరంగా హత్యకు గురైంది. ఆ బిడ్డ పేరు మీ అందరికీ తెలుసు, మళ్ళీ ఎత్తము. మరుసటి సంవత్సరం ఒక పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. లోకమంతా హమ్మయ్య అనుకున్నది. కాని ఆ బిడ్డ తల్లిదండ్రులు మాత్రం, ఇతను కాదు, అసలు దోషులు వేరని చెబుతూనే వచ్చారు. కడుపుకోత పడిన తల్లి! ఎవరో ఒకరికి శిక్ష పడిందిలే అని ఊరుకోలేదు. 2017 మార్చి 31న హైకోర్టు ఆ యువకుడు నిర్దోషి అన్నది. ఎనిమిదేళ్ళకు పైగా జైలులో గడిపి రాజమండ్రి సెంట్రల్ జైలు గేటు దాటి బయటకు వచ్చాడు. మనం మొదట చెప్పుకున్న జైలే.

ఒక్క క్షణం ఆలోచించండి. 2010లో ఆవేశంగా ఉన్న జనం అడిగిన శిక్ష అతనికి పడి, అమలై ఉంటే? 2017లో హైకోర్టు తీర్పును ఏ సమాధి దగ్గర చదివేవారు? పోయిన ఎనిమిదేళ్ళనే ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు. ప్రాణం ఎక్కడి నుంచి తెస్తారు? గాంధీనగర్ అక్షరధామ్ దాడి కేసు కూడా చూడండి. 2006లో ముగ్గురికి మరణశిక్ష వేశారు. 2014 మేలో సుప్రీంకోర్టు ఆ ముగ్గురితో సహా ఆరుగురినీ నిర్దోషులని విడిచిపెట్టింది. మెట్లు ఉన్నాయి కనుకనే బ్రతికారని ఒకరంటారు. ఆఖరి మెట్టు దాకా లాయరు దొరికాడు కనుక బ్రతికారని మేమంటాము.

ఆ మధ్య హైదరాబాదులో ఒక పశువైద్యురాలిని చెరిచి చంపినప్పుడు మన ఊళ్ళలో కూడా కొవ్వొత్తులు పట్టుకొని తిరిగాము. 2019 డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారని తెలియగానే మిఠాయిలు పంచారు. మనలోనూ కొందరు సంతోషించారు. 2022లో సుప్రీంకోర్టు వేసిన కమిషను ఆ కాల్పులు కావాలని చేసినవే అన్నది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా ఆ కమిషనే చెప్పింది. అదే నెలలో మన శాసనసభ 21 రోజులలో తీర్పు, మరణశిక్ష అంటూ దిశ బిల్లు ప్యాసు చేసింది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అమలులోకీ రాలేదు. కడుపు మండినప్పుడు శిక్ష త్వరగా కావాలనిపిస్తుంది, సహజమే. కాని త్వరగా కావలసింది నిజం. నిజం తెలియకుండా త్వరపడితే అసలువాడు బయట తిరుగుతూనే ఉంటాడు.

ఉరి ఉంటే భయం ఉంటుందనే వాదన ఉంది. 1967లో లా కమిషను తన 35వ నివేదికలో ఉరి ఉండాలనే అన్నది. 2015లో 262వ నివేదికకు వచ్చేసరికి, యావజ్జీవం కంటే ఉరి ఎక్కువగా నేరాన్ని ఆపుతుందనడానికి రుజువు లేదనీ, ఉగ్రవాద నేరాలకు తప్ప మిగతావాటికి తీసేయాలనీ అదే కమిషను సిఫారసు చేసింది. ఇక ఎవరికి పడుతున్నదంటారా? ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వారు దేశమంతా తిరిగి మరణశిక్ష పడిన ఖైదీలను కలిసి 2016లో పుస్తకం వేశారు. నూటికి 74 మంది ఆర్థికంగా చితికినవారు. నూటికి 76 మంది దళితులు, గిరిజనులు, వెనుకబడినవారు, మైనారిటీలు. టీకొట్టు దగ్గర ముసలాయన ఏ పుస్తకం చదవకుండానే ఈ మాట చెప్పాడండీ.

మన జిల్లాకు 2022లో డాక్టర్ అంబేద్కర్ గారి పేరు పెట్టారు. దాని మీద ఎంత గొడవ జరిగిందో మనం చూశాము. ఆ గొడవలో ఎవరూ గుర్తు చేయని సంగతి ఒకటుంది. 1949 జూన్ 3న రాజ్యాంగ సభలో మరణశిక్ష పడినవారి అప్పీళ్ళ గురించి చర్చ వచ్చినప్పుడు, అసలు మరణశిక్షనే రద్దు చేయడం మేలని ఆయన తన అభిప్రాయం చెప్పారు. అహింస ఈ దేశపు పాత ధర్మమని గుర్తు చేశారు. మరి పేరు మన జిల్లాకు పెట్టుకున్నాక ఆ మాటను కూడా కొంచెం మన ఇంటికి తెచ్చుకోవాలి కదా.

ఇప్పుడు 23 కుటుంబాల ప్రశ్నకు వస్తాము. మా వాళ్ళు ఆ బస్సులో ఉంటే మేము ఇలా మాట్లాడగలమా? నిజం చెబుతున్నాము, తెలియదు. ఆ దుఃఖానికి ఎదురుగా నిలబడి క్షమించండి అని చెప్పే అధికారం మాకు లేదు. క్షమ వారిది, మనది కాదు. కాని ఆ కుటుంబాలకు కావలసింది ఉరితాడు ఒక్కటేనా? సంపాదించేవాడు పోయిన ఇంట్లో పిల్లల ఫీజు ఎవరు కట్టారు? తల్లికి మందులెవరు తెచ్చారు? నేరస్థుడి సంగతి తేలేదాకా పత్రికలు ఆ ఇళ్ళను తలచుకుంటాయి, తేలాక మరచిపోతాయి. శిక్ష ఉండాలి, గట్టిగా ఉండాలి, ఏళ్ళ తరబడి జైలులో ఉండాలి. కాని తప్పు తేలితే వెనక్కి తీసుకునే వీలున్న శిక్షే మనుషుల చేతిలో ఉండాలి. వెనక్కి తీసుకోలేని శిక్షను, ఏ తప్పూ చేయని ఆ పరాత్పరునికే వదలాలి. ఇది మా అభిప్రాయం. మీలో ఒప్పుకోనివారు ఉంటారు, సభ అయ్యాక వాదించుకుందాము.

ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, చట్టం మారేదాకా మన సంఘం చేయదగిన పనులు మూడున్నాయి. వాటిని మీ ముందు పెడుతున్నాము.

మొదటిది. మన వీధిలో పేదవాడెవరైనా పెద్ద కేసులో ఇరుక్కుంటే ఛీ అని తలుపులు వేసుకోవద్దు. తప్పు చేశాడో లేదో కోర్టు చెబుతుంది. మొదటి కోర్టులో మంచి లాయరు లేకపోతే ఆ తర్వాత ఏ మెట్టు మీదా కేసు సరిగా నిలబడదు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఆ దరఖాస్తు రాసిపెట్టి, కూడా వెళ్ళే మనిషి కావాలి. ఆ మనిషిని మన సంఘం పంపాలి.

రెండవది. హత్య జరిగిన ఇంటికి కూడా మనమే వెళ్ళాలి. బాధితుల కుటుంబాలకు ప్రభుత్వ పరిహారం ఉందని చాలామందికి తెలియదు. అడిగితేనే వస్తుంది. ఆ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే మన స్కాలర్‌షిప్పుల జాబితాలో వారి పేరు ముందు ఉండాలి. ఏ మతమని అడగవద్దు.

మూడవది గల్ఫ్ మాట. అరబ్బీలో రాసిన కాగితం మీద అర్థం తెలియకుండా సంతకం పెట్టవద్దని, కేసు పడితే తర్జుమా చేసేవారిని అడిగే హక్కుందని, ఎంబసీకి వెంటనే కబురు చేయాలని వెళ్ళేవారికి చెప్పి పంపుదాము. మన మౌల్వీ సాహెబులు అరబ్బీ చదువుకున్నవారు. నెలకొక ఆదివారం మసీదు అరుగు మీద కూర్చుని ఆ కాగితాలు చదివి పెడితే అది కూడా సవాబే.

ఈ మూడింటికి డబ్బు పెద్దగా అక్కరలేదు. ఖబరస్తాన్ గోడ ఈ సంవత్సరం ఒక అడుగు తక్కువ లేచినా ఫరవాలేదు. చనిపోయినవారు ఎక్కడికీ పోరు. బ్రతికున్నవారి సంగతి ముందు చూద్దాము.